చైనా యుద్ధం పుణ్యమా అని మా డిగ్రీలోకి వచ్చిన ఎన్‌సీసీ: నా అనుభవం

డిసెంబరులో మా మనవరాలు పది రోజుల ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్, చదువుకునే పిల్లలకి ఇచ్చే మిలిటరీ తరహా ట్రైనింగ్) క్యాంపు నుంచి ఇంటికొచ్చింది. బ్యాగు గుమ్మంలోనే పడేసి, సోఫాలో కూలబడి, బూట్లు విప్పి చూపించింది. రెండు మడమల మీదా రూపాయి బిళ్ళంతేసి బొబ్బలు. "తాతయ్యా, మీ రోజుల్లోనూ ఇంతేనా?" అంది. నేను జవాబు చెప్పకుండా దాని కాళ్ళు ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ సందులు విడదీసి చూడటం మొదలుపెట్టాను. "ఛీ, ఏం చేస్తున్నావు తాతయ్యా" అని వెనక్కి లాక్కుంది. అరవై ఏళ్ళ కిందట ఒక హవల్దారు మా కాళ్ళు అచ్చం అలాగే చూసేవాడు, మేమూ ఛీ అనే అనుకునేవాళ్ళం.

దానికి ఎన్‌సీసీ ఒక ఎలెక్టివ్ సబ్జెక్టు. ఆరు సెమిస్టర్లు, 24 క్రెడిట్లట. ఇష్టమై తీసుకుంది. ఎన్‌సీసీలో అన్నిటికంటే పైదైన సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే రాతపరీక్ష లేకుండా నేరుగా సైన్యానికి ఆఫీసర్లని ఎంచే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి పోవచ్చని ఇప్పటినుంచే లెక్కలు వేసుకుంటోంది. మాకు ఎలెక్టివూ లేదు, క్రెడిట్లూ లేవు. మగపిల్లాడై పుట్టి, కళ్ళూ కాళ్ళూ సరిగ్గా ఉండి డిగ్రీలో చేరితే చాలు, ఎన్‌సీసీ చెయ్యాల్సిందే. ఆ కథ మొత్తం చెప్పమని రెండు రోజులు నా వెంట పడింది. చెప్పేదేదో రాసే పెడదామని కూర్చున్నాను.

నేను గుంటూరులో బీఎస్సీలో చేరింది 1963 జూలైలో. అప్పటికి మా జిల్లా కాలేజీలన్నీ ఆంధ్రా యూనివర్సిటీ కిందే ఉండేవి, నాగార్జున యూనివర్సిటీ ఇంకా పుట్టలేదు. అంతకు ముందు ఏడాది, 1962 అక్టోబరు 20న చైనా సైన్యం ఇటు లడాఖ్‌లోనూ అటు ఈశాన్యంలో నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్)లోనూ మన మీదికి వచ్చింది. 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. నవంబరు 21న వాళ్ళంతట వాళ్ళే కాల్పులు ఆపేశారు. నెల రోజుల యుద్ధమే అయినా ఆ దెబ్బ మాత్రం మామూలుది కాదు. జాతీయ రక్షణ నిధికని మా అమ్మ చెవి కమ్మలు తీసి ఇచ్చేసింది, మా నాన్న వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు (ఇచ్చినందుకు కాదు, తనని అడక్కుండా ఇచ్చినందుకు). ఎన్‌సీసీ చట్టం 1948లోనే వచ్చింది, కాలేజీల్లో ఎన్‌సీసీ అప్పటినుంచీ ఉంది, కానీ అందాకా ఇష్టమున్నవాళ్ళే చేరేవాళ్ళు. 1963లో దాన్ని కాలేజీ కుర్రాళ్ళందరికీ తప్పనిసరి చేశారు. యుద్ధం మళ్ళీ వస్తే చదువుకున్నవాళ్ళలో ఆఫీసర్లు కావాలి, అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తారు? అదీ ఆలోచన.

ఈ ముక్క మా ఇంట్లో తెలిసిన రాత్రి అన్నాలు సరిగ్గా తినలేదు ఎవరూ. మిలిటరీ ట్రైనింగ్ ఇస్తారంటే, ఆ తర్వాత రైలెక్కించి బోర్డరుకి తోలతారనే అందరూ అనుకున్నారు. మా అమ్మమ్మయితే "చదువూ వద్దు గిదువూ వద్దు, పొలం చూసుకోమను" అని తీర్మానం చేసేసింది. కాలేజీలో మా కెమిస్ట్రీ లెక్చరరే ఎన్‌సీసీ ఆఫీసరు, నాగపూర్ దగ్గర కామ్టీలో ట్రైనింగ్ అయి వచ్చినాయన. మొదటి ఆదివారం పెరేడ్‌లో ఆయన పాఠం ఏమీ చెప్పలేదు. ఎన్‌సీసీలో పేరు రాయించుకున్నంత మాత్రాన యుద్ధానికి వెళ్ళాల్సిన బాధ్యత ఉండదని చట్టంలోనే ఉంది, ఇళ్ళకెళ్ళి ఈ మాట చెప్పండి అన్నాడు. చెప్పాను. మా అమ్మమ్మ నమ్మలేదు. "అట్లానే అంటారు" అంది.

మెడికల్‌లో తప్పించుకోవాలని కొందరు చేసిన వేషాలు రాస్తే అదో పుస్తకం అవుతుంది. ఒకడు రాత్రంతా ఉల్లిపాయ చంకలో పెట్టుకుని పడుకుని జ్వరం తెచ్చుకోవాలని చూశాడు, పొద్దున్నకి జ్వరం రాలేదు గానీ వాసన మాత్రం మిగిలింది.

యూనిఫామ్ ఇచ్చారు. ఖాకీ నిక్కరు, చొక్కా, బెరే టోపీ, ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు, నాడాలు కొట్టిన బూట్లు. నా బూట్లు రెండూ ఎడమ కాలివే. స్టోర్లో చెబితే "వచ్చే వారం చూద్దాం" అన్నారు, ఆ వచ్చే వారం రావటానికి నెలన్నర పట్టింది. నిక్కరుకి మా అమ్మ పెట్టే గంజికి అది నేల మీద నిలబెడితే నిలబడేది. బకిల్ మెరవాలంటే బ్రాసో పాలిష్ కావాలి, దానికి డబ్బులెక్కడివి, అందుకని చింతపండు వేసి రుద్దేవాళ్ళం. శనివారం రాత్రి బంగారంలా మెరిసేది, పొద్దున ఆరింటికి పెరేడ్ మైదానంలోకి వచ్చేసరికి ఎర్రగా మాడిపోయినట్టు ఉండేది. హవల్దారు దాన్ని చూసి "యే క్యా హై, పులుసు?" అనేవాడు. ఆయనకొచ్చిన నాలుగైదు తెలుగు ముక్కల్లో పులుసు ఒకటి.

ఆయన గురించి చెప్పాలి. గఢ్వాల్ కొండల మనిషి, పొట్టి, సన్నం. మాకు డ్రిల్లు నేర్పటానికి సైన్యం నుంచి పంపిన ఇన్‌స్ట్రక్టర్లలో ఒకడు. నేఫా నుంచి బతికి వచ్చాడని తప్ప మొదట్లో మాకేమీ తెలియదు. మాకు హిందీ రాదు, ఆయనకి తెలుగు రాదు, డ్రిల్లు ఆర్డర్లన్నీ హిందీలో. సావధాన్, విశ్రామ్ దాకా పర్లేదు. దాహినే ముడ్ (కుడివైపు తిరుగు) అంటే సగం మంది కుడివైపు, సగం మంది ఎడమవైపు తిరిగి ఎదురెదురుగా నిలబడి మొహాలు చూసుకునేవాళ్ళం. నాకైతే తేజ్ చల్ (వేగంగా నడువు) అనగానే కుడి చెయ్యి, కుడి కాలు కలిసి లేచేవి. నడిచేటప్పుడు అందరికీ చెయ్యి కాలు వేరువేరుగా వాటంతట అవే ఊగుతాయి కదా, ఎవరైనా అరిచి చెబితే మాత్రం అది మర్చిపోతాం, ఎందుకో తెలీదు. రెండు నెలలు నన్ను వరస చివర్లో పెట్టి దాచాడు.

రైఫిల్ పాఠం మొదలైంది దసరా సెలవుల తర్వాత. పాయింట్ త్రీనాట్‌త్రీ. బరువు ఇంచుమించు నాలుగు కిలోలు, మ్యాగజైన్‌లో పది గుళ్ళు, ఒక్కో గుండు పేల్చాక బోల్టు వెనక్కి లాగి ముందుకు తోసి మళ్ళీ పేల్చాలి. మాకు చేతికిచ్చినవి అసలు పేలేవి కూడా కాదు, డ్రిల్లు కోసం పనికిరాకుండా చేసినవి. హవల్దారు దుప్పటి పరిచి, బోల్టు ఊడదీసి, ముక్క ముక్కా పేరు చెబుతూ వరసలో పెట్టేవాడు, తాడుకి ఫ్లానెల్ గుడ్డ ముక్క కట్టి గొట్టంలోంచి లాగేవాడు, కంటికి పెట్టుకుని ఆకాశం వైపు చూసేవాడు. ఆ చూడటంలో ఏదో పూజ ఉండేది. ఒకరోజు మాలో ఒకడు, వాడికి హిందీ కాస్త వచ్చు, "సాబ్, చైనా వాళ్ళ దగ్గర ఏం రైఫిళ్ళున్నాయి" అని అడిగాడు. ఆయన గుడ్డ మడత పెట్టి జేబులో పెట్టుకుని, వాళ్ళవి ఆగకుండా పేలతాయి, మనం ఇదిగో ఇలా అని బోల్టు ఒకసారి టక్ టక్ అని లాగి చూపించాడు. నాకు ఆ వయసులో అర్థం కాలేదు గానీ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. ఏ రైఫిల్ చాలక, ఏ చలిబట్టలు లేక మంచు కొండల మీద అంతమంది పోయారో, ఆ ఓటమి నుంచి పుట్టిన పాఠంలో మాకు చేతికిచ్చింది మళ్ళీ ఆ రైఫిలే, అదీ పేలనిది. సైన్యానికి వాటంతట అవే లోడయ్యే కొత్త రైఫిళ్ళు వస్తున్నాయని వినేవాళ్ళం, మా మైదానం దాకా అవి రాలేదు.

ఇక కాళ్ళు. ప్రతి ఆదివారం పెరేడ్ అయ్యాక, టిఫిన్‌కి ముందు (ఉప్మా, రెండు పూరీలు, దాని కోసమే వచ్చేవాళ్ళు సగం మంది), వరసగా కూర్చోబెట్టి బూట్లు మేజోళ్ళు విప్పించేవాడు. ఒక్కొక్కడి దగ్గరా గొంతుకూర్చుని వేళ్ళ సందులు చూసేవాడు. తడిగా ఉంటే మేజోళ్ళు మార్చలేదేం అని తిట్టేవాడు. మాకు వేళాకోళంగా ఉండేది, కాలేజీలో ఆయన పేరే "గోళ్ళ డాక్టరు" అయిపోయింది. మొదటి క్యాంపులో బావి దగ్గర స్నానం చేస్తుంటే చూశాం, ఆయన ఎడమ కాలికి చివరి రెండు వేళ్ళు లేవు. మంచుకి పోయాయట. గుడ్డ బూట్లతో ఎన్ని రోజులు నడిచాడో చెప్పాడు, ఆ లెక్క నాకు గుర్తులేదు, వేళ్ళు లేని చోట చర్మం నున్నగా, కొత్త వంకాయలా ఉండటం మాత్రం గుర్తుంది. ఆ తర్వాత ఎవడూ గోళ్ళ డాక్టరు అనలేదు.

నిజమైన గుళ్ళు పేల్చింది రెండో ఏడాది. ఊరికి దూరంగా రేంజ్, ఎర్ర జెండా, వెనక మట్టి దిబ్బ. మనిషికి ఐదు గుళ్ళు. రైఫిల్ మడమ (వెనక చెక్క భాగం) భుజానికి గట్టిగా అదిమి పెట్టుకో, ఊపిరి బిగబట్టు, ట్రిగ్గర్ మొదట కొంచెం, తర్వాత మిగతాది. ఇవన్నీ నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి, తీరా పడుకుని పేల్చేసరికి ఒక్కటీ గుర్తులేదు, మొదటి దెబ్బకే భుజం మీద గాడిద తన్నినట్టయింది. ఐదింటిలో రెండు టార్గెట్ కాగితానికి తగిలాయి, అందులో ఒకటి పక్కవాడిదని వాడి వాదన.

అసలు సంగతి తర్వాత. పేల్చిన ప్రతి గుండుకీ ఖాళీ ఇత్తడి తొడుగు తిరిగి అప్పచెప్పాలి. లెక్క పెడితే ఒకటి తక్కువొచ్చింది. హవల్దారు మొహం చూస్తే అది పోయిన తొడుగులా లేదు, పోయిన మనిషిలా ఉంది. ముప్ఫై మందిమి మోకాళ్ళ మీద వరసగా పాకుతూ ఇసుకలో వేళ్ళు పెట్టి వెతికాం, ఎండ నెత్తికెక్కింది, టిఫిన్ బుట్టలు చెట్టు కింద చల్లారిపోతున్నాయి. గంట దాటాక ఒకడు గోక్కుందామని నిక్కరు మడతలో చెయ్యి పెడితే అక్కడుంది. బోల్టు లాగినప్పుడు పక్కకి ఎగిరి వీడి మడతలో పడింది. హవల్దారు వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. తొడుగు తీసుకుని, నోటితో ఉఫ్‌మని ఇసుక ఊది, డబ్బాలో మిగతావాటి పక్కన పెట్టి, అప్పుడు కూర్చున్నాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళు నేను ట్రెజరీలో పనిచేశాను. సాయంత్రం లెక్క ఒక్క రూపాయి తేడా వస్తే ఎవరినీ ఇంటికి పోనిచ్చేవాణ్ణి కాదని నా కింద పనిచేసినవాళ్ళు ఇప్పటికీ తిట్టుకుంటారు.

మ్యాప్ రీడింగ్ నాకు బాగా వచ్చిన సబ్జెక్టు, అందుకే రెండో ఏడాది సంక్రాంతి సెలవుల క్యాంపులో రాత్రి మార్చ్‌కి మా సెక్షన్‌ని నడిపించమని దిక్సూచి నా చేతికిచ్చారు. పది మందిమి. ఇంత బేరింగ్‌లో (దిక్సూచి మీద ఉత్తరం నుంచి కొలిచే కోణం) ఇన్ని అడుగులు, అక్కడ ఒక లాంతరు పెట్టి ఉంటుంది, అక్కణ్ణుంచి బేరింగ్ మార్చాలి. 180 డిగ్రీల కంటే తక్కువైతే 180 కలపాలి, ఎక్కువైతే 180 తియ్యాలి అని బ్యాక్ బేరింగ్ (వెనక్కి తిరిగొచ్చే కోణం) సూత్రం గొణుక్కుంటూ బయల్దేరాను. అరగంటలో లాంతరు కనపడాలి. గంటకి కనపడింది. ఎర్రగా, కాస్త పెద్దగా. దగ్గరికెళ్ళేసరికి అది పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ కింద పొయ్యి. రాత్రంతా మంట ఎగదోస్తూ కూర్చున్న రైతు, పది మంది ఖాకీ బట్టల వాళ్ళు రైఫిళ్ళతో చీకట్లోంచి వస్తుంటే కర్ర తీసుకుని లేచి "ఎవడ్రా అది?" అని అరిచాడు. మాలో ఒకడు కంగారులో, సెంట్రీ డ్యూటీలో నేర్పినట్టు "థమ్! కౌన్ ఆతా హై?" (ఆగు! ఎవరొస్తున్నారు?) అన్నాడు. వెళ్ళింది మేము, అడిగిందీ మేమే! ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పెద్దకొడుకుని తోడిచ్చి గట్టు దాటించాడు.

తప్పెక్కడ జరిగిందో పొద్దున హవల్దారు చూపించాడు. దిక్సూచి చేతిలో, రైఫిల్ భుజాన. ఆయన రైఫిల్‌ని మెల్లగా దగ్గరికి తెచ్చాడు, ముల్లు దానివైపు జరిగింది. దూరం తీశాడు, వెనక్కి వెళ్ళింది. మళ్ళీ తెచ్చాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఇనుము పక్కన పెట్టి దిక్సూచి చూడమని పాఠంలో ఉంది, నేనే క్లాసులో అందరికీ చెప్పాను కూడా.

1965 ఆగస్టు, సెప్టెంబరుల్లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చేసరికి నేను చివరి ఏడాదిలో ఉన్నాను. మా అమ్మమ్మ "చెప్పానా" అంది. మమ్మల్ని ఎక్కడికీ పంపలేదు. ప్రథమ చికిత్స, స్ట్రెచర్ మొయ్యటం నేర్పించారు, జవాన్ల రైళ్ళు ఆగినప్పుడు స్టేషన్లో టీలు, అరటిపళ్ళు అందించాం. కిటికీలోంచి చెయ్యి చాచి పండు తీసుకున్న వాళ్ళలో కొందరు మా వయసు వాళ్ళే. ఒకడు నా బెరే టోపీ చూసి నవ్వి, దాన్ని ఇంకాస్త కుడికి వంచమని వేలితో చూపించాడు, రైలు కదిలింది. మూడేళ్ళలో నాకు బాగా గుర్తున్న డ్రిల్లు పాఠం అదే.

మా కంటే రెండేళ్ళు పైన చదివిన ఒకతను మాత్రం నిజంగానే వెళ్ళాడు. తప్పనిసరి కాక ముందే ఇష్టపడి ఎన్‌సీసీలో చేరినవాడు, మాకు అండర్ ఆఫీసరు (క్యాడెట్లలో పై ర్యాంకు). డిగ్రీ అవగానే ఎమర్జెన్సీ కమిషన్ తీసుకున్నాడు. చైనా యుద్ధం తర్వాత ఆఫీసర్లు త్వరగా కావాలని తక్కువ కాలం ట్రైనింగ్‌తో కమిషన్ ఇచ్చేవాళ్ళు, అందుకే 1963లో మద్రాసులో కొత్తగా ట్రైనింగ్ స్కూలు కూడా పెట్టారు (మా మనవరాలు కలలు కంటున్న చెన్నై ఓటీఏ, అంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, అదే). పంజాబ్ వైపు యుద్ధంలో ఉన్నాడని తెలుసు. అక్టోబరులో 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాతో నాకొక ఉత్తరం వచ్చింది. డ్రిల్లు గురించి, రైఫిల్ గురించి ఏమీ లేదు. వానకి కందకాల్లో నీళ్ళు నిలిచాయని, మేజోళ్ళు రెండు జతలుంటే ఒకటి ఎప్పుడూ కడుపు దగ్గర పెట్టుకుని ఆరబెడుతున్నానని, ప్లాటూన్‌లో అందరి కాళ్ళూ రోజూ తనే చూస్తున్నానని రాసి, "హవల్దార్ సాబ్‌కి చెప్పు" అని ముగించాడు.

ఆదివారం నా వచ్చీరాని హిందీలో చెప్పాను. సగం అర్థమైందో లేదో. "అచ్ఛా" అన్నాడు. తర్వాత రెండు నిమిషాలు ఎటో చూసి, ఒక్కసారిగా లైన్లో నిలబడమని అందరి మీదా అరిచాడు, ఆ రోజు పెరేడ్ మామూలు కంటే అరగంట ఎక్కువ చేయించాడు.

1968లో తప్పనిసరి తీసేశారు. ఆ మరుసటి ఏడాది ఎన్ఎస్ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్, విద్యార్థుల సమాజ సేవ) వచ్చింది. తీసెయ్యటం మంచిదే అంటాను నేను. మేము బీఎస్సీ అయ్యే నాటికే ఉన్న రైఫిళ్ళు చాలక వెనక వరసలవాళ్ళు ఉత్త చేతులతో సలామీ శస్త్ర్ (రైఫిల్‌తో చేసే సెల్యూట్) చేసేవాళ్ళు, హాజరు తగ్గితే హాల్‌టికెట్ ఇవ్వరనే భయంతో వచ్చినవాళ్ళే ఎక్కువ, వాళ్ళకి నేర్పేవాడికీ విసుగు, నేర్చుకునేవాడికీ విసుగు. ఇప్పటి ఎన్‌సీసీ వాళ్ళ నినాదం "ఏకతా ఔర్ అనుశాసన్" కూడా అప్పటికి లేదు, అది 1980లో వచ్చింది. మాకున్న నినాదం "టిఫిన్ ఎప్పుడు?"

మొన్న రిపబ్లిక్ డేకి మా మనవరాలి కాలేజీకి వెళ్ళాను. షామియానా కింద కుర్చీ వేశారు. కవాతు మొదలైంది, ఆడపిల్లల వరస వస్తోంది, అందరిదీ ఒకే ఎత్తు, ఒకే టోపీ, మాది ఏదో తెలియలేదు. మాకు దూరం అంచనా కట్టటం నేర్పేవాళ్ళు: 200 గజాల్లో మనిషి అన్ని భాగాలూ స్పష్టంగా కనపడతాయి, 300 గజాలకి మొహం మసకబారుతుంది, 400కి మొహం తెలియదు, ఆకారం తెలుస్తుంది, 600కి తల చుక్కలా ఉంటుంది. పాత అలవాటు కదా, చూశాను. మొహాలు మసక. 300 గజాలు అనుకున్నాను. అంతా అయ్యాక అనుమానమొచ్చి, కుర్చీ దగ్గర్నుంచి వాళ్ళు నడిచిన సున్నపు గీత దాకా కర్ర పట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. నలభై ఒకటి. శుక్లాల ఆపరేషన్‌కి ఫిబ్రవరిలో డేటు తీసుకున్నాను.